బంగారు చేపకు మితాహారము

గాజుతొట్టిలో బంగారు చేపను పెంచువారిలో పలువురు, అది పైకి వచ్చి నోరు తెరచినంతనే ఆకలియని తలచి మరికొంత మేత చల్లుదురు. నీటిలో ప్రాణవాయువు తగ్గినను చేప అట్లే చేయును. అతిగా పెట్టుట దయ కాదని నా అభిప్రాయము.

ఈ చేపకు జీర్ణాశయము లేదు. తిన్నది నేరుగా ప్రేగులలోనికి పోవును. కావున ఒక్కమారుగా హెచ్చు మేత పెట్టరాదు. వేగముగా ఎదుగు పిల్లలకు దినమునకు 3, 4 మార్లు మెత్తని పొడి కొద్దికొద్దిగా వేయవలెను. ఎదిగిన చేపకు 1, 2 మార్లు చాలును. 2 నిమిషములలో తినగలిగినంతయే దానికి తగిన పాలు. నీరు చల్లబడినపుడు ఆకలి తగ్గును గనుక మేతయు తగ్గింపవలెను. మిగిలిన మేత క్రుళ్ళి అమోనియా పుట్టును. అది మొప్పలను పాడుచేయును.

తగిన పోషణ గల బంగారు చేప 10 ఏండ్లకు పైగా జీవింపగలదు. పలు ఇండ్లలో అది కొన్ని నెలలకే చచ్చుచున్నదన్న, కారణము తరచుగా యజమాని చేతిలోనే కలదు. మూగజీవి తనకు చాలునని చెప్పజాలదు. పిడికిలి తెరచుటకు ముందు ఆ మాట మనమే చెప్పుకొనవలెను.