మామిడి టెంకలో దౌత్యం

భారతీయ మామిడి అమెరికా గడప తొక్కకుండా అడ్డుపడినది సుంకం కాదు, పురుగు. కండలో పండు ఈగ, టెంకలో టెంక పురుగు. ఈ చీడల భయంతోనే 1989 నుంచి 2007 వరకు ఆ విపణి మనకు మూతపడింది.

వాయువుతో పురుగును చంపుదామంటే, ఎథిలిన్ డైబ్రోమైడ్ క్యాన్సర్ కారకమని 1980 దశకంలోనే నిషేధానికి గురైంది. 2006లో తలుపు తెరచిన జపాన్ ఆవిరి వేడిని అంగీకరించింది. పండు ఈగకు అది చాలును. కాని టెంకలో దాగిన పురుగును చంపేటంత వేడి పెడితే పండే ఉడికిపోతుంది. అందుకే అదే సంవత్సరం బుష్, మన్మోహన్ సింగ్‌ల చర్చలలో అణు ఒప్పందం సరసన మామిడికి చోటు దక్కింది. 400 గ్రే మోతాదు గామా కిరణాలు పండును ఉడికించకుండానే పురుగు సంతతిని అరికడతాయి. 2007 ఏప్రిల్‌లో లాసల్‌గావ్‌లో శుద్ధి అయిన పండ్లు అమెరికా చేరాయి.

శాస్త్రం చిక్కు విప్పినా పెత్తనం చిక్కు మిగిలింది. శుద్ధిని అమెరికా అధికారి పర్యవేక్షించాలి. ఆ వ్యయం మన ఎగుమతిదారులది. 2025 మే నెలలో నవీ ముంబైలో కిరణశుద్ధి పొందిన పదిహేను సరుకులను అమెరికా విమానాశ్రయాలలో తిరస్కరించారు. ఆక్షేపణ పురుగుపై కాదు, కాగితంపై! తిరిగి తెచ్చే ఖర్చుకు వెరచి పండ్లను అక్కడే ధ్వంసం చేయవలసి వచ్చింది. నష్టం సుమారు 5 లక్షల డాలర్లని ఎగుమతిదారుల అంచనా.

మన బంగినపల్లికీ ఇదే దారి. ధ్రువపత్రంలో దొర్లిన లోపానికి బాధ్యులెవరో వాణిజ్య చర్చలలో ఢిల్లీ తేల్చుకోవాలి. పురుగును ఆపే విద్య మనకు అబ్బింది. సంతకానికి పడిగాపులు మాత్రం తప్పలేదు.