పేరు మారినా సంఖ్య మారదు

పిల్లలూ! భూపాలపల్లిలో బొగ్గు భూమిలోనే దొరుకుతుంది. కాని జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి బస్సులకు కావలసిన డీజిలు అలా దొరకదు. మన దేశం వాడే ముడిచమురులో నూటికి 80 పాళ్ళకు పైగా విదేశాలనుంచే వస్తుంది. దాన్ని విశాఖపట్నం వంటి రేవులకు చేర్చేవి చమురు ఓడలు.

ఇంతవరకు కట్టిన చమురు ఓడలలో అతి పొడవైనది జపానులో 1979లో తయారైన ‘సీవైజ్ జెయింట్’. పొడవు 458 మీటర్లు, అంటే సుమారు 19 పెట్టెల రైలంత! అది 5,64,000 టన్నులకు పైగా బరువు మోసేది. నిండు బరువుతో ఉంటే సూయజ్, పనామా కాలువల గుండా పోగలిగేది కాదు.

1988లో ఇరాన్-ఇరాక్ యుద్ధంలో విమానాలు దానిమీద బాంబులు వేశాయి. ఓడ కాలి, లోతు తక్కువ నీటిలో మునిగింది. తరవాత దాన్ని పైకి తీసి బాగుచేసి, ‘హ్యాపీ జెయింట్’ అని పేరు పెట్టారు. ఆపైన మరి మూడుసార్లు పేరు మారింది. చివరకు గుజరాత్‌లోని అలంగ్ తీరంలో దాన్ని ముక్కలు చేశారు.

ఇన్ని పేర్లు మారితే అది ఆ ఓడే అని తెలిసేదెలా? ప్రతి పెద్ద ఓడకూ ఏడంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. పేరు మారినా, యజమాని మారినా అది మారదు. ఈ ఓడ సంఖ్య 7381154. ఇందులో ఒక తమాషా ఉంది. మొదటి ఆరు అంకెలను వరసగా 7, 6, 5, 4, 3, 2 చేత హెచ్చవేసి కూడండి:

49 + 18 + 40 + 4 + 3 + 10 = 124

మొత్తంలో చివరి అంకె 4. ఓడ సంఖ్యలోనూ చివరి అంకె 4!

ఇక ఓడ ఎక్కడున్నదో ఎలా తెలుస్తుంది? ఓడలోని యంత్రం ఉపగ్రహాల సాయంతో తన చోటు తెలుసుకుని, తన పేరు, సంఖ్య, వేగం, పోయే దిక్కు రేడియోలో చాటుతూ ఉంటుంది. తీరాన ఉన్న కేంద్రాలూ, దగ్గరి ఓడలూ దాన్ని వింటాయి. నడిసముద్రంలో ఉంటే ఉపగ్రహాలు వింటాయి. ఇది చాలా అవసరం. నిండు చమురు ఓడ బండిలాగా చప్పున ఆగదు. వేగంగా పోతుంటే, ఆగేలోపల కొన్ని కిలోమీటర్లు సాగిపోతుంది. చీకటిలో, పొగమంచులో మరో ఓడను ఢీకొంటే మనుషుల ప్రాణాలకు ముప్పు. చమురు ఒలికితే చేపలకూ, బెస్తవారి బ్రతుకుకూ ముప్పు.

కొన్ని ఓడలవాళ్ళు దొంగతనంగా ఆ యంత్రాన్ని ఆపేస్తారు, పేరు కూడా మార్చేస్తారు. అప్పుడు ఓడ ఒంటిమీద చెరగకుండా వేసిన సంఖ్యే ఆనవాలు.

ఒక గుమాస్తా పైసంఖ్యను పొరపాటున 7381145 అని రాశాడనుకోండి. ఆ పొరపాటు బయటపడుతుందా? పలక తీసి లెక్క వేయండి!