నిండిన కొలను – ఎండిన కొలను

బిందెలోని నీరు మాసితే పారబోసి, బిందెను తోమి, మళ్లీ నింపుకోవడం తెలుగు ఇండ్లలో నిత్యకృత్యం. ఆ అలవాటే ఈత కొలను విషయంలోనూ చాలామందిని నడిపిస్తున్నది. నీరు కాస్త పచ్చబడగానే మోటారు పెట్టి తోడించడం, ఎండిన కొలనులోకి మనుషులను దింపి రుద్దించడం, పిదప ట్యాంకర్లతో నింపించడం శుభ్రతకు పరాకాష్ఠగా భావింపబడుతున్నది. నగరాలలో బహుళ అంతస్తుల నివాస సముదాయాలు పెరిగిన కొద్దీ ఈ భావన మరింత బలపడింది. కాని ఈత కొలను బిందె వంటిది కాదు. అది నేలలో పాతిన పాత్ర. లోపలి నీటిని గురించి మాత్రమే ఆలోచించి, వెలుపలి నీటిని మరచినవారు కట్టడాన్నీ, ఒక్కొక్కప్పుడు మనుషుల ప్రాణాలనూ ప్రమాదంలోకి నెడుతున్నారు.

కొలనులోని నీటిని తొలగించడం నేటి విద్య కాదు. సుమారు నాలుగున్నర వేల సంవత్సరాల నాటి మొహెంజోదారో మహాస్నానవాటిక పొడవు దాదాపు 12 మీటర్లు, వెడల్పు 7 మీటర్లు, లోతు 2.4 మీటర్లు. ఆనాటి శిల్పులు దాని గోడలలో నీరు ఇంకకుండా తారువంటి పదార్థాన్ని పూశారు. నీరు వెలుపలికి పోవడానికి ఒక మూల కాలువను అమర్చారు. తిరుమల స్వామి పుష్కరిణిని కూడ సాధారణంగా ఏటా బ్రహ్మోత్సవాలకు ముందు శుభ్రపరుస్తారు. ఆ పనికి నెల రోజులు కేటాయిస్తారు. మొదటి పది రోజులు నీటిని తొలగించడానికి, తరువాతి పది రోజులు మరమ్మతులకు, చివరి పది రోజులు తిరిగి నింపడానికి. నేటి గృహసముదాయాలలో ఇదే పనిని ఒక్క రాత్రిలో ముగించాలని తొందరపడేవారు ఈ నిదానాన్ని గమనించవలసి ఉన్నది.

తొందర ఎందుకు చేటో భౌతికశాస్త్రం చెబుతుంది. ఆర్కిమెడిస్ సూత్రం పాఠశాలలోనే అందరూ చదివినదే. నీటిలో మునిగిన వస్తువును నీరు పైకి నెడుతుంది. నేలలోని నీటికీ ఇదే ధర్మం వర్తిస్తుంది. 25 మీటర్ల పొడవు, 12.5 మీటర్ల వెడల్పు గల ఒక కొలనును ఊహించుకుంటే దాని అడుగు వైశాల్యం 312 చదరపు మీటర్లకు పైమాటే. భూగర్భజలం ఆ అడుగు కంటె ఒక్క మీటరు ఎత్తున ఉన్నదనుకుంటే, ప్రతి చదరపు మీటరునూ ఒక టన్ను బలం పైకి నెడుతుంది. మొత్తం మీద 300 టన్నులకు పైబడిన బలమన్న మాట. 15 సెంటీమీటర్ల మందం గల కాంక్రీటు పలక బరువు చదరపు మీటరుకు 400 కిలోలైనా ఉండదు. కొలను నిండి ఉన్నంతకాలం ఒకటిన్నర మీటర్ల నీరు ఆ పలకను క్రిందికి అదిమి పట్టి ఉంచుతుంది. ఆ నీటిని తోడివేసిన నాడు అదిమే చేయి తొలగిపోతుంది. అప్పుడు అడుగు పగలవచ్చు, పలకలు ఉబ్బి లేవవచ్చు, తేలికైన కట్టడమైతే పడవవలె నేలలోనుండి పైకి తేలవచ్చు. లక్షల రూపాయల నిర్మాణం నీరు లేక కాదు, నీరు తీసినందువల్ల చెడుతుంది. నల్లరేగడి నేలలలో మరొక చిక్కు ఉన్నది. తడిసి ఉబ్బిన రేగడి పక్కగోడలను లోపలికి నొక్కుతుంది. లోపలినుండి ఎదురు నిలిచే నీరు లేనప్పుడు ఆ ఒత్తిడినంతా గోడ ఒక్కటే భరించాలి.

కనుక కొలనును ఎప్పుడు ఖాళీ చేయాలన్న ప్రశ్నకు సమాధానం కొలనులో లేదు, దాని క్రింది నేలలో ఉన్నది. వర్షాకాలంలోనూ, అది ముగిసిన వెంటనేనూ భూగర్భజలం పైకి వచ్చి ఉంటుంది. ఆ నెలలలో ఈ పని తలపెట్టరాదు. నెల్లూరు వంటి తీరప్రాంతాలలో ఈశాన్య ఋతుపవనాల వానలు డిసెంబరు వరకు సాగుతాయి. కృష్ణా, గోదావరి డెల్టాలలో కాలువలు పారుతున్నంతకాలం నేల తడిగానే ఉంటుంది. అట్లని నడివేసవి మేలనుకోవడమూ పొరపాటే. ఏళ్ల తరబడి నీటిలో నానిన గచ్చు, పలకలు మే నెల ఎండకు ఒక్కసారిగా ఆరి పగుళ్లు బారుతాయి. తిరిగి నింపడానికి నీరు దొరకని కాలమూ అదే. హైదరాబాదు వంటి మెట్టప్రాంతపు నగరాలకు చలి తగ్గి, ఎండలు ముదరని ఫిబ్రవరి, మార్చి నెలలు మేలైనవి. అయితే ఋతువు సూచన మాత్రమే, కొలతే ప్రమాణం. కొలను పక్కన అడుగు మట్టం కంటె లోతుగా ఒక సన్నని రంధ్రం తవ్వి, అందులో నీరు ఎంత ఎత్తున నిలిచిందో చూడాలి. ఆ నీటి మట్టం కొలను అడుగుకు దిగువన ఉంటేనే పని మొదలు పెట్టాలి. చక్కగా కట్టిన కొలనుల అడుగున, లోతైన చోట, క్రింది నీటి ఒత్తిడి పెరిగితే తెరుచుకొని ఆ నీటిని లోపలికి రానిచ్చే కవాటం ఉంటుంది. అది మట్టితో పూడిపోయి ఉంటే ఉండీ లేనట్లే. నీటిని మెల్లమెల్లగా దించుతూ, వాన పడితే మోటారు ఆపివేయాలి.

అసలు పూర్తిగా ఖాళీ చేయవలసిన అవసరం ఎంత తరచుగా వస్తుంది? చాలా అరుదుగా. పచ్చబడిన నీటిని తగినంత క్లోరిను, నిరంతర వడపోత, అడుగు తుడుపు బాగుచేయగలవు. క్లోరినుతో పోనిది నీటిలో కరిగిన లవణాల భారం. ఎండకు నీరు ఆవిరవుతుంది, లవణాలు మిగులుతాయి. కొన్ని రకాల క్లోరిను బిళ్లలు వదిలే సైన్యూరిక్ ఆమ్లం కూడ అట్లే పేరుకొని, క్లోరిను శక్తిని తగ్గిస్తుంది. దీనికి విరుగుడు మూడింట ఒక వంతు నీటిని తీసి మంచినీటితో నింపడం. అవసరమైతే కొన్ని వారాలకు మరొక వంతు. బోరునీరే ఉప్పగా ఉన్నచోట ఎంత మార్చినా ఫలితం స్వల్పమే. గచ్చు రాలినప్పుడు, అడుగు పగిలినప్పుడు మాత్రం పూర్తిగా తోడక తప్పదు.

పైన చెప్పిన కొలను సగటు లోతు ఒకటిన్నర మీటర్లయితే అందులో పట్టే నీరు సుమారు 4,68,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లతో నింపాలంటే 94 ట్యాంకర్లు కావాలి. 2024 మార్చిలో నీటి ఎద్దడితో తల్లడిల్లిన బెంగుళూరు నగరంలో ఈత కొలనులకు త్రాగునీటిని వాడరాదని జలమండలి నిషేధించింది. ఒక వీధి వారు బిందెలతో బారులు తీరిన నాడు, పక్క వీధిలో శుభ్రత పేరిట లక్షల లీటర్లు కాలువ పాలు కావడాన్ని న్యాయమని ఎవరు అనగలరు? తోడిన నీటిని వాననీటి కాలువలోకో, చెరువులోకో వదలడం మరొక అపరాధం. నీటిలో మిగిలిన క్లోరిను అతి స్వల్ప పరిమాణంలోనైనా చేపల మొప్పలను దెబ్బతీస్తుంది. ముందుగా కొన్ని రోజులు క్లోరిను వేయడం మాని, పరీక్షలో దాని జాడ లేదని తేలిన తరువాత, లవణాలు ఎక్కువగా లేకుంటే ఆ నీటిని రోడ్లు కడగడానికి, చెట్లకు వాడుకోవచ్చు. లేకుంటే మురుగునీటి గొట్టంలోకే పంపాలి.

ఇక మనుషుల సంగతి. మోటారు నడుస్తున్నంతసేపు నీటిలో ఎవ్వరూ ఉండరాదు. కరెంటు ఒక భయమైతే, అడుగు రంధ్రం లాగే బలం మరొక భయం. 2002లో అమెరికాలో ఏడేళ్ల బాలిక వేడినీటి స్నానపు తొట్టి అడుగు రంధ్రానికి అతుక్కుపోయి మరణించింది. ఆమె పేరు మీదనే 2007లో అక్కడ రక్షణ మూతలను తప్పనిసరి చేసే చట్టం వచ్చింది. నీరు పోయిన తరువాత ప్రమాదం పోదు, రూపు మార్చుకుంటుంది. గోడలను రుద్దడానికి దిగిన కూలివాడు ఒక చేత యాసిడ్ సీసా, ఒక చేత బ్లీచింగ్ పొడి పట్టుకుంటే, ఆ రెండూ కలిసిన చోట క్లోరిను వాయువు పుడుతుంది. అది గాలికంటె సుమారు రెండున్నర రెట్లు బరువైనది కనుక లోతైన చోటనే, అతడు వంగి పనిచేసే చోటనే నిలిచిపోతుంది. కొన్ని కొలనులకు పక్కనే నేలలో మూత గల నీటితొట్టి ఉంటుంది. దానిలోకి దిగడం పాతబావిలోకి దిగడం వంటిదే. పూర్వం బావిలో పూడిక తీసేవారు ముందు దీపాన్ని దించి చూసేవారు. దీపం ప్రాణవాయువు కొరతను చెబుతుంది గాని విషవాయువులన్నిటినీ చెప్పలేదు. వాయువులను కొలిచే పరికరం, గాలిని పంపే పంకా, నడుముకు తాడు, ఆ తాడు పట్టుకొని పైన నిలిచే మనిషి లేనిదే ఎవ్వరినీ దింపరాదు. దిగినవాడు సొమ్మసిల్లితే వెంటనే దూకేవాడు రెండవ ప్రాణమవుతాడు. ఇవన్నీ తెలియవలసినది రోజుకూలికి వచ్చినవానికన్న ముందు, అతనిని పిలిపించిన సంఘం పెద్దలకు. ఖర్చు లెక్కలో ట్యాంకర్ల వరుస ఉంటున్నది, తాడుకూ పరికరానికీ వరుస ఉండడం లేదు.

మరమ్మతు ముగిసి, గచ్చు పదును కాగానే ఆలస్యం లేకుండా నీరు పట్టాలి. అంతవరకు చుట్టూ కంచె, రాత్రి దీపం, ఒక కావలి మనిషి ఉండి తీరాలి. సెలవులలో ఊరినుండి వచ్చిన పిల్లవానికి కొలను ఖాళీగా ఉన్నదని ఎవరూ చెప్పి ఉండరు.