పోయిన చోటే వెతుకుదాం

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని హాస్టలు తమ్ముళ్లు అడిగినప్పుడు పాత రోజుల గురించే రాద్దామనుకున్నాను. ట్రంకు పెట్టెలు, తెల్లవారుజాము స్టడీ అవర్, పప్పుచారులో పప్పు వెతుక్కోవడం... ఇవన్నీ ప్రతి సంచికలోనూ ఎవరో ఒక అన్నయ్య రాస్తూనే ఉన్నారు. అందుకని ఈసారి ఎవరూ ముట్టుకోని విషయం ఒకటి తీసుకున్నాను. మన హాస్టలు కంప్యూటరులో నెట్ మాటిమాటికీ ఎందుకు పోతుంది, పోయినప్పుడు మనం ఏం చెయ్యాలి? ఇది మెకానిక్కుల సంగతి కదా అని పేజీ తిప్పేయకండి. ఇది మన చదువుల సంగతి కూడా.

2009లో నేనూ, నా రూమ్మేటూ డిగ్రీ ఆఖరు సంవత్సరం చదువుతున్నాం. వాడొక కోర్సులో చేరడానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలి. ఆ రోజే ఆఖరు తేదీ. ఇద్దరి జేబులూ దులిపి చిల్లర పోగేసుకుని టౌనులో ఒక నెట్ సెంటరుకు వెళ్లాం. దరఖాస్తు సగం నింపేసరికి నెట్ పోయింది. సిస్టం ఆపి మళ్లీ ఆన్ చేస్తే వచ్చింది. పది నిమిషాలకు మళ్లీ పోయింది. మూడుసార్లు అలా అయ్యాక సెంటరాయన "లైను పోనాది బావూ, రేపు రండి" అన్నాడు. మేం తలూపి వచ్చేశాం. మర్నాటికి గడువు దాటిపోయింది.

ఆ సాయంత్రం పక్క సిస్టంలో ఒకాయన రైలు టిక్కెట్టు తీసుకుంటూనే ఉన్నాడు. లైను పోతే ఆయనకెలా వస్తోంది? ఈ చిన్న ప్రశ్న మా ఇద్దరికీ తట్టలేదు. "ఆ సిస్టం ఖాళీ అయ్యాక మమ్మల్ని కూర్చోనివ్వండి" అని అడగాలని కూడా తోచలేదు. నా మిత్రుడు ఆ ఏడాదే చెన్నైకి పనికి వెళ్లిపోయాడు. మళ్లీ చదువు వైపు రాలేదు. వాడి జీవితమంతా ఆ ఒక్క కంప్యూటరు వల్లే అలా అయిందని నేననను. కానీ ఆ రోజు మేం అడగని ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఈరోజు విజయనగరంలో ఒక ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసే పనిలో ఉన్నాను. నెట్ పోయిందని ఎవరు పిలిచినా ముందు పక్క సిస్టం వైపే చూస్తాను.

మనవాళ్లకు "రేపు రా" అన్న మాట కొత్త కాదు. సర్టిఫికెట్టు కోసం వెళ్లినా, స్కాలర్‌షిప్ కోసం వెళ్లినా ఆ మాట విని తలూపి వచ్చేయడం అలవాటైపోయింది. దానికి తోడు మనది తుఫాన్ల సీమ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ విరుచుకుపడ్డాక స్తంభాలు కూలి ఊళ్లకు ఊళ్లు చీకట్లో ఉండిపోయాయి. అలాంటప్పుడు నెట్ పోయిందంటే నిజంగానే పోయినట్టు. అయితే గాలీ వానా లేని రోజున కూడా మనం అదే మాట అనుకుని ఊరుకుంటున్నాం. పోయిన చోటే వెతుక్కోవాలని పెద్దలంటారు. ఎక్కడ పోయిందో అడగకుండా వెతికేదెలా? నా వాదన ఇంతే. "పోయింది" అన్న మాటతో మన పిల్లలు తృప్తిపడకూడదు. "ఎక్కడ పోయింది?" అని అడగడం నేర్చుకోవాలి. అది నేర్చుకోవడానికి హాస్టలు కంప్యూటరును మించిన బడి లేదు.

ముందుగా డ్రైవరు అంటే ఏమిటో చెబుతాను. బండి తోలేవాడనుకుంటే పొరపాటు. సీతంపేట సంత చూసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. కొండ మీద నుంచి చింతపండు తెచ్చిన సవర అమ్మకు తెలుగు సరిగ్గా రాదనుకోండి. కొనే షావుకారుకు సవర భాష రాదు. మధ్యలో రెండు భాషలూ వచ్చిన మనిషి ఉండి ఆమె మాట ఈయనకూ, ఈయన మాట ఆమెకూ చెప్పాలి. కంప్యూటరులో విండోస్ ఆ షావుకారు లాంటిది. తీగ గుచ్చే చోట ఉండే నెట్‌వర్కు చిప్ ఆ అమ్మ లాంటిది. మధ్యలో మాట చేరవేసే చిన్న ప్రోగ్రామే డ్రైవరు. ఆ మధ్య మనిషి లేకపోతే బేరమే లేదు. వేరే భాష తెలిసిన మనిషిని తెచ్చి నిలబెడితే మాటలు తారుమారవుతాయి. ఉన్న మనిషే మధ్యలో కునుకు తీస్తే బేరం అక్కడే ఆగిపోతుంది. బాగా నడుస్తూ నడుస్తూ నెట్ ఆగిపోవడానికి ఈ కునుకు ఒక ముఖ్య కారణం.

నిరుడు నేను హాస్టలుకు వెళ్లినప్పుడు జరిగింది అదే. దాతలిచ్చిన డెస్క్‌టాపు ఆఫీసు గదిలో ఉంది. స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపుతున్న ఇంటర్ తమ్ముడొకడు తల పట్టుకుని కూర్చున్నాడు. "ఏటైందిరా?" అంటే, "నెట్టు పోనాదన్నా. పావుగంటకోపాలి పోతంది. కేబులోలకి ఫోన్ సేసినాం, రేపొస్తామన్నారు" అన్నాడు. రేపు అన్న మాట వినగానే నాకు 2009 గుర్తొచ్చింది.

ఇద్దరం సిస్టం వెనక్కి వంగి చూశాం. తీగ గుచ్చిన చోట చిన్న దీపం ఉంటుంది. నెట్ ఉన్నంతసేపూ అది వెలుగుతోంది, నెట్ పోగానే అదీ ఆరిపోతోంది. బయట లైను పోతే ఆ దీపం ఆరదు, ఎందుకంటే అది చెప్పేది రూటరుకూ కంప్యూటరుకూ మధ్య ఉన్న సంబంధం గురించి మాత్రమే. అంటే తప్పు వీధి స్తంభం మీద లేదు, ఈ గదిలోనే ఉంది. అదే తీగ తీసి నా ల్యాప్‌టాపుకు గుచ్చి గంటసేపు చూశాం. ఒక్కసారి కూడా పోలేదు. ఇక రూటరునూ, తీగనూ, కేబులు వాళ్లనూ అనుమానించే పని లేదు. మిగిలింది ఆ పెట్టె ఒక్కటే.

డివైస్ మేనేజర్ తెరిచి చూస్తే నెట్‌వర్కు ఎడాప్టర్ల కింద రియల్‌టెక్ చిప్ పేరు కనిపించింది. అప్‌డేట్ల జాబితా చూస్తే దాని డ్రైవరు ఈమధ్యే మారింది. దొంగ దొరికాడనుకున్నాను. రోల్ బ్యాక్ నొక్కి పాత డ్రైవరు పెట్టేశాను. పనిలో పనిగా పవర్ మేనేజ్‌మెంట్ పేజీలో, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అని అర్థం వచ్చే గడిలో టిక్కు తీసేశాను. అంతే, గంట గడిచినా నెట్ పోలేదు. నేను కాస్త గర్వంగానే కుర్చీలో వెనక్కి వాలాను.

అప్పుడా తమ్ముడు అడిగాడు. "అన్నా, నువ్వు రెండు సేసినావు గదా, మరి ఏది బాగు సేసినాది?"

నా దగ్గర జవాబు లేదు. ముందు వాడి దరఖాస్తు పంపించేశాం. తర్వాత ఆ టిక్కు ఒక్కటి మళ్లీ పెట్టి చూశాం. పావుగంటకు దీపం ఆరిపోయింది. టిక్కు తీసి, ఈసారి కొత్త డ్రైవరునే మళ్లీ ఎక్కించి, టిక్కు తిరిగి పడలేదని చూసుకుని వదిలేశాం. రాత్రి భోజనాల వరకూ దీపం వెలుగుతూనే ఉంది. అంటే నేను దొంగ అనుకున్న కొత్త డ్రైవరు దొంగ కాదు. దరఖాస్తు నింపుతూ మనం టైపు చేస్తున్నంతసేపూ తీగలో పెద్దగా ఏమీ పోదు. పని లేదనుకుని చిప్ కునుకు తీసేది, మళ్లీ సరిగ్గా లేచేది కాదు. ఇరవై ఏళ్లుగా కంప్యూటర్లతో ఉన్న నాకు ఒక ఇంటర్ పిల్లవాడు ఆ రోజు పాఠం చెప్పాడు. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చినది రాసుకోవాలి.

ఈ పొరపాటు పెద్దవాళ్లు కూడా చేశారు. 2008లో లినక్స్ 2.6.27 వెర్షను ఇంకా పరీక్షల్లో ఉండగా కొందరి కంప్యూటర్లలో ఇంటెల్ నెట్‌వర్కు చిప్‌లు పనికిరాకుండా పోయాయి. చిప్ తన సొంత వివరాలు దాచుకునే మెమరీ చెడిపోయింది. మొదట అనుమానమంతా ఇ1000ఇ అనే దాని డ్రైవరు మీదికే పోయింది. వెతగ్గా వెతగ్గా, ఎఫ్‌ట్రేస్ అనే వేరే భాగం తనది కాని చోట రాయడం వల్ల ఇదంతా జరిగిందని తేలింది. ఎదురుగా కనిపించిన వాడినే దొంగ అనుకోకుండా ఓపికగా వెతికారు కాబట్టే అసలు కారణం బయటపడింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ కంప్యూటరు దగ్గర అట్ట మీద రాసి పెట్టుకోడానికి ఒక వరస చెబుతాను.

ఒకటి, పక్క సిస్టంలోనో, అదే రూటరు మీద ఉన్న ఫోనులోనో నెట్ వస్తోందా? వస్తుంటే లైను బాగానే ఉంది.

రెండు, తీగ దగ్గర దీపం వెలుగుతోందా? లేకపోతే తీగ మార్చి చూడండి. ఆ తీగలో ఎనిమిది సన్న వైర్లు ఉంటాయి. 100 మెగాబిట్ వేగానికి నాలుగు చాలు, గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. ఒక్క వైరు తెగినా వేగం పడిపోవచ్చు, లేదా వచ్చిపోతూ ఉండవచ్చు. తీగ 100 మీటర్లు దాటకూడదు.

మూడు, దీపం ఉన్నా నెట్ లేకపోతే ఐపీ అడ్రసు చూడండి. అది 169.254తో మొదలైతే రూటరు నుంచి అడ్రసు అందలేదని అర్థం. రూటరు ఆపి మళ్లీ పెట్టండి.

నాలుగు, డివైస్ మేనేజరులో పసుపు గుర్తు ఉంటే డ్రైవరు సరిగ్గా లేదు. చిప్ పేరే కనిపించకపోతే హార్డ్‌వేర్ ఐడీ చూడండి. అందులో వెన్ అన్న అక్షరాల పక్కన 10ఈసీ ఉంటే అది రియల్‌టెక్, 8086 ఉంటే ఇంటెల్. డ్రైవరును కంప్యూటరు తయారుచేసిన కంపెనీ సైటు నుంచే తెచ్చుకోండి. డ్రైవర్లన్నీ ఉచితంగా మార్చేస్తామనే ప్రోగ్రాముల జోలికి పోవద్దు.

ఐదు, పవర్ మేనేజ్‌మెంట్ టిక్కు తీసి చూడండి. ఎడ్వాన్స్‌డ్ పేజీలో గ్రీన్ ఈథర్నెట్, ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్నెట్ అని ఉంటే వాటినీ ఒక్కొక్కటిగా ఆపి చూడండి.

ఇవన్నీ అయ్యాక కూడా బాగుపడకపోతే అప్పుడు కార్డు పోయిందనుకోవచ్చు. వేరే కార్డు వేసుకోవడానికి అప్పుడు ఖర్చు పెడితే అర్థం ఉంటుంది.

మరో మాట. నెట్ డ్రైవరు నెట్‌లోనే దొరుకుతుంది. నెట్ పోయాక దాన్ని తెచ్చుకోవాలంటే తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు వేసుకున్నట్టే. అంతా బాగున్న రోజునే డ్రైవరు ఫైలును పెన్‌డ్రైవులో దాచి పెట్టుకోండి. అది లేకపోతే ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి, ఫోను నెట్‌తో గండం గట్టెక్కవచ్చు.

ఇక వార్డెన్ గార్లకు ఒక విన్నపం. పిల్లలు ముట్టుకుంటే పాడుచేస్తారని, స్టాకు రిజిస్టరుకు మీరే జవాబు చెప్పాలని మీ భయం. ఆ భయంలో న్యాయం ఉంది. కానీ గుడ్డ కప్పి తాళం వేసిన కంప్యూటరు కూడా పాడవుతుంది, పైగా ఎవరికీ ఏమీ నేర్పకుండా పాడవుతుంది. ఇద్దరు పిల్లలకు బాధ్యత అప్పగించండి. పక్కన ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, ఏం జరిగింది, ఏం మార్చాం, ఏమైంది అన్న నాలుగు గడులు చాలు. అందరికీ ఫోన్లున్నాయి కదా అని కొందరంటారు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను నాన్నతో వలస వెళ్లిన పిల్లలు మన హాస్టళ్లలో ఎంతమంది ఉన్నారో మీకు తెలియనిది కాదు.

పూర్వ విద్యార్థులకూ ఒక మాట. మనం పాత సిస్టంలు తెచ్చి, దండ వేసి, ఫోటో దిగి వెళ్లిపోతున్నాం. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే మద్దతు ఆగిపోయింది. మనమిచ్చే పాత వాటిలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. వాటిలో లినక్స్ వేసి, నెట్ చిప్ పనిచేస్తోందో లేదో చూసి మరీ ఇవ్వాలి. సిస్టంతో పాటు రెండు మంచి తీగలు, ఒక పెన్‌డ్రైవు, ఏడాదికి ఒక ఆదివారం కూడా ఇవ్వండి. ఆ ఆదివారం మీరు బాగుచేయవద్దు. పిల్లల చేత చేయించి, పక్కన కూర్చోండి.

ఆ రోజు నెట్ సెంటరులో మాకు కావలసింది గొప్ప చదువేమీ కాదు. పక్క సిస్టం వైపు ఒకసారి చూసి, "లైను పోతే ఆయనకెలా వస్తోందండీ?" అని అడిగే ధైర్యం చాలేది. మన హాస్టలులో ఇకమీదట చదివే ఏ పిల్లవాడూ, ఏ పిల్లా ఆ ప్రశ్న అడగకుండా లేచి రాకూడదని కోరుకుంటూ, అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.