శ్రీబాగు ఒడంబడికలో మఱుగుపడిన మాట

శ్రీబాగు ఒడంబడిక ప్రసక్తి వచ్చినపుడెల్ల మన అనంతపురపు సభలలో రెండు ఫిర్యాదులు వినవచ్చుచుండును. నీరు రాలేదనునది మొదటిది. రాజధాని నిలువలేదనునది రెండవది. రెండును న్యాయమైనవే. కాని ఆ ఒడంబడికయందే మూడవ మాట యొకటి కలదు. దానిని వేదికలమీద ఎత్తువారు అరుదు. శాసనసభలో సామాన్యస్థానములను జిల్లాలకు సమానముగ పంచవలెననునది ఆ మాట. నియోజకవర్గముల పునర్విభజన ముంగిట నిలిచిన ఈ తరుణమున దానిని పాఠకుల యెదుట ఉంచుట మా విధి.

1937 నవంబరు 16 వ తేదీన, మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగు భవనమున సర్కారు నాయకులును సీమ నాయకులును కూర్చుండి ఆ ఒప్పందమును కుదుర్చుకొనిరి. కొండా వెంకటప్పయ్య, భోగరాజు పట్టాభి సీతారామయ్యగార్లు ఒకవైపు. కడప కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు, పప్పూరు రామాచార్యులు మున్నగువారు మఱియొకవైపు. తుంగభద్ర, కృష్ణ, పెన్న జలములలో సీమకును నెల్లూరికిని పదేండ్లపాటు, అవసరమైనచో అంతకు మించియు ప్రాధాన్యము. అనంతపురమున విశ్వవిద్యాలయ కేంద్రము. రాజధాని, హైకోర్టు అను రెంటిలో సీమ కోరుకొన్న దొకటి. ఇన్ని కోరినవారు స్థానముల సంగతిని కూడ ఏల కోరిరి? నీటిని పంచునది సభ. రాజధానిని నిలుపునదియు సభయే. ఆ సభలో చేతులెత్తువారి సంఖ్య ముందుగా తేలనిదే తక్కిన వాగ్దానములు నీటిమీది వ్రాతలని వారు అనుభవముచేత ఎఱిగినవారు.

ఆ అనుభవ మెట్టిదో చూడుడు. 1861 వ సంవత్సరపు చట్టముచే మద్రాసున ఏర్పడిన శాసనసభ గవర్నరు కొలువునకు తగిలించిన కొసరు మాత్రమే. నలుగురు మొదలు ఎనమండుగురు వఱకు అదనపు సభ్యులు; అందఱును గవర్నరు పిలిచినవారే. ప్రశ్న వేయుటకును, ఆదాయవ్యయములను చర్చించుటకును 1892 వఱకు అధికారము లేదు. 1909 లో సంఖ్య పెరిగినది, మతమును బట్టి ప్రత్యేక నియోజకవర్గములును వచ్చినవి. 1919 చట్టము పిమ్మట 1920 లో జరిగిన ఎన్నికలలో మాత్రమే సభలో ఎన్నికైనవారు అధికసంఖ్యాకులైరి. అప్పుడైనను నాలుగు కోట్లకు పైబడిన రాజధాని ప్రజలలో ఓటు కలవారు సుమారు పన్నెండు లక్షలే.

ఆ పన్నెండు లక్షల మందిని ఎట్లు ఏఱిరో తెలిసికొనవలెను. అందే మన కథ కలదు. పల్లెలయందు ఏటికి పదిరూపాయల శిస్తు విలువగల భూమి పట్టాదారునకు ఓటు. వినుటకు ఇది అందఱికి సమమైన కొలతవలెనే యుండును. కాని గోదావరి కాలువక్రింద మాగాణి రెండుమూడెకరములున్న రైతు ఆ గీటు దాటుట తేలిక. మన మెట్టనేలకు తీరువ తఱచు అణాలలో లెక్క. పదిహేను ఇరువది యెకరముల చెలకను దున్ని జొన్నయో కొఱ్ఱయో పండించుకొను కళ్యాణదుర్గపు రైతు ఆ గీటు దాటలేక నిలిచిపోయెను. నేల బీదదైనందున శిస్తు తక్కువ. శిస్తు తక్కువైనందున ఓటు లేదు. ఓటు లేనందున నేలకు నీరు తెమ్మని అడుగు నోరు లేదు. కరవు తన్ను తానే ఎన్నుకొను విధాన మిది.

ఫలమును త్వరలోనే చూచితిమి. 1916 నుండి అనంతపురమున దత్తమండల కళాశాల యున్నది. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు 1926 లో చట్టము వచ్చినపుడు కేంద్రము బెజవాడకు, పిదప వాల్తేరునకు పోయినది. సీమ జిల్లాలు అలిగి మద్రాసు విశ్వవిద్యాలయపు ఏలుబడికే మరలినవి. 1928 లో నంద్యాల ఆంధ్రమహాసభయందు చిలుకూరి నారాయణరావుగారు దత్తమండలము లను దాస్యనామమును తుడిచి రాయలసీమ యని పేరు నిలిపినపుడు కలిగిన ఉత్సాహము ఎంతదో, విశ్వవిద్యాలయపు గాయమును అంతదియే. ఆ గాయముతోనే వారు శ్రీబాగునకు వెళ్లిరి. తొమ్మిది నెలలకు ముందు జరిగిన ఎన్నికలలో 215 స్థానముల మద్రాసు సభయందు కాంగ్రెసు 159 గెలిచియుండెను. అంతటి జయము నడుమను తమ జిల్లాల కెన్ని చేతులని లెక్కపెట్టుకొనిన దూరదృష్టికి జోహారు లర్పింపవలసినదే.

ఆ వాక్యము ఏమైనది? దానిని ఎవరును ఖండింపలేదు, చర్చించి త్రోసివేయను లేదు. 1950 లో రాజ్యాంగము అమలునకు వచ్చినది. నియోజకవర్గమునకును జనసంఖ్యకును గల నిష్పత్తి రాష్ట్రమంతట సాధ్యమైనంతవఱకు ఒక్కటిగ నుండవలెనని 170 వ అనుచ్ఛేదము విధించినది. శ్రీబాగు స్థానముల మాట ఆనాడే చడిలేకుండ చచ్చినది. 1953 అక్టోబరు 1 న కర్నూలు రాజధానిగ ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు మద్రాసు సభనుండి విడివడి వచ్చినవారు 140 మంది. 1955 ఎన్నికలకు స్థానములు 196. తెలంగాణము కలిసిన 1956 లో 301. 1978 నుండి 294. 2014 విభజన పిమ్మట ఆంధ్రప్రదేశమునకు 175, తెలంగాణకు 119. సంఖ్యలు మాఱినవి, రాజధానులు మాఱినవి. తలల లెక్క మాత్రము మాఱలేదు.

తలల లెక్క అన్యాయమని మేమనము. 2001 జనగణనను బట్టి 2008 లో గీతలు గీచినపుడు అనంతపురమున సుమారు 36 లక్షల జనము, 14 స్థానములు. పశ్చిమగోదావరిలో సుమారు 38 లక్షలు, 15 స్థానములు. త్రాసు సరిగనే తూగినది. కాని నాటి మన జిల్లా విస్తీర్ణము 19,130 చదరపు కిలోమీటర్లు, పశ్చిమగోదావరిది 7,742. మన సభ్యుడొకడు సగటున 1,366 చదరపు కిలోమీటర్లకు జవాబుదారి. అచ్చటివాడు 516 కు. చెరువు తెగినను, బోరు ఎండినను, గంజికేంద్రము తెఱవవలసినను మనవాడు రెండున్నర రెట్లు నేల తిరుగవలెను. ఇక నాలుగు సీమజిల్లాలు కలిసినను 175 లో 52. నీటి వివాదము సభకు వచ్చినపుడు మిగిలిన 123 మంది దయయే మనకు దిక్కు.

ముఖ్యమంత్రులను ఇచ్చినవారు మీరే కదా యని సర్కారు మిత్రులు నవ్వుదురు. నిజమే. ఇల్లూరు నుండి వచ్చిన నీలం సంజీవరెడ్డిగారు మొదలుకొని సీమవారు ఆ పీఠమున కూర్చుండిన యేండ్లు తక్కువ గావు. కాని ముఖ్యమంత్రి సభాధిక్యమునకు బందీ. ఏ జిల్లాలలో స్థానములు దట్టముగ నున్నవో ఆ జిల్లాల మనసు కనిపెట్టి మెలగనివాడు ఆ పీఠమున మూడు నెలలుండడు. సీమవాడైనంత మాత్రమున అంకగణితము అతనికి మినహాయింపు నీయదు.

అయినచో శ్రీబాగు వాక్యమును యథాతథముగ శాసనసభకు వర్తింపజేయుదమా? కూడదని మా అభిప్రాయము. అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఈ ప్రయోగము జరిగినది. కాలిఫోర్నియా సెనేటులో స్థానములు జిల్లాలను బట్టి యుండెడివి. అరువది లక్షల జనముగల లాస్ ఏంజెలెసు జిల్లాకు ఒక్క సభ్యుడు, పదునాలుగు వేల జనముగల కొండసీమ నియోజకవర్గమునకును ఒక్కడే. 1964 లో వారి సుప్రీముకోర్టు ఓటు విలువ మనిషిని బట్టి గాని నేలను బట్టి యుండరాదని, రాష్ట్రసభలు రెండును జనసంఖ్యను అనుసరింపవలెనని తీర్పు చెప్పినది. అదే అమెరికా కేంద్రమున ప్రతి రాష్ట్రమునకును ఇరువురు సెనేటర్లు నేటికిని కలరు. ఆస్ట్రేలియాలోను రాష్ట్రములకు సమస్థానములే. మన రాజ్యసభ మాత్రము జనసంఖ్యనే అనుసరించును గనుక అచ్చట మనకు నేర్వదగిన దేమియు లేదు.

లాస్ ఏంజెలెసు ప్రజలకు జరిగిన అన్యాయమునకు కారణము ఆ సెనేటు చట్టమును పూర్తిగ చంపగలుగుట. మన విధానపరిషత్తునకు ఆ శక్తి లేదు. మామూలు చట్టమును మొదటిసారి మూడు నెలలు, రెండవసారి ఒక నెల ఆపగలదు. ద్రవ్యబిల్లును పదునాలుగు దినములు. పిమ్మట శాసనసభ మాటయే చెల్లును. అంతకంతకు ఆలోచింపుమని చెప్పుటయే దాని పని. అట్టి సభలో జిల్లాలకు సమముగ పీఠములు వేసినచో ఎవని ఓటు విలువయు తఱుగదు. కరవుజిల్లా మాట నాలుగు నెలలపాటైనను వినక తప్పదు.

కాని ఇప్పటి పరిషత్తు ఏమి చేయుచున్నది? 1958 లో పుట్టి, మన హిందూపురము గెలిపించి పంపిన ఎన్.టి. రామారావుగారి కాలమున 1985 లో రద్దయి, 2007 లో మరల లేచినది. 2020 జనవరిలో రాజధాని వికేంద్రీకరణ బిల్లులను ఎంపిక సంఘమునకు పంపుటతో శాసనసభ దానిని రద్దుచేయుమని తీర్మానించెను. 2021 నవంబరులో ఆ తీర్మానమును వెనుకకు తీసికొనెను. ఆ వివాదమున ఉభయపక్షములును శ్రీబాగును స్మరించినవారే. స్థానముల వాక్యము మాత్రము ఎవరి నోటను రాలేదు. ఆంధ్రప్రదేశ పరిషత్తులో 58 మంది. శాసనసభ్యు లెన్నుకొనువారు 20, స్థానిక సంస్థలవారు 20, పట్టభద్రులు 5, ఉపాధ్యాయులు 5, గవర్నరు నియమించువారు 8. ఓడినవారికి ఓదార్పుగ, అలిగినవారికి బుజ్జగింపుగ ఈ పీఠములను వాడని పక్ష మేదియో చెప్పుడు.

స్థానిక సంస్థల 20 లో నియామకపు 8 కలిపిన 28 అగును. పాత పదుమూడు జిల్లాలకు రెండేసి పంచిన 26 చాలును. పంచాయతీ, మండల, జిల్లాపరిషత్తు, పురపాలక సభ్యులే ఎన్నుకొందురు గాక. పాత జిల్లాలే అని మేము పట్టుపట్టుటకు కారణము కలదు: కొత్త జిల్లాలను లెక్కించినచో స్థానములకొఱకే జిల్లాలను చీల్చు వ్యాపారము మొదలగును. దీనికి రాజ్యాంగ సవరణ అక్కఱలేదు. పార్లమెంటు చట్టముచే మార్చువఱకే ఈ పంపకమని 171 వ అనుచ్ఛేదమే చెప్పుచున్నది. మామూలు చట్టము చాలును. విభజన చట్టపు 26 వ సెక్షను ప్రకారము శాసనసభ 225 కు పెరిగినచో, మూడవవంతు నియమమున పరిషత్తు 75 వఱకు పెరుగవచ్చును. అపుడు ఇరుకును ఉండదు.

ఇంతలో చేయవలసిన పని మఱియొకటి కలదు. స్థానముల సంఖ్యను 1976 నుండి గడ్డకట్టించి, 2001 నాటి 84 వ సవరణచే 2026 పిమ్మట జరుగు మొదటి జనగణనవఱకు పొడిగించిరి. ఆ జనగణనకు 2027 మార్చి 1 వ తేదీని ప్రమాణదినముగ 2025 జూనులో ప్రకటించిరి. మార్చి మొదటి దినము! వేరుశెనగ తీసి, పొట్టు మేపి, అప్పులవాడు గడపదొక్కిన పిదప కదిరి, మడకశిర, కళ్యాణదుర్గము పల్లెలనుండి బండికెక్కిన కూలీలు బెంగుళూరులో ఇటుకలు మోయు కాల మది. లెక్కింపు దినములందంతయు ఇంట లేనివాడు ఉన్నచోటనే లెక్కకు వచ్చును. అనగా మన తల కర్ణాటకమునకు స్థానముగ మాఱును. 2011 లో 40 లక్షలు దాటిన మన జిల్లాయొక్క లెక్క, వానలు మొగము చాటుచేసిన యేట, తాళము వేసిన తలుపులవద్ద తఱిగిపోవును.

కనుక ప్రతి గ్రామపంచాయతీయు వలసపోయినవారి పట్టిక నొకదానిని ఇంటివారీగ వ్రాసియుంచవలెను; ఉగాదికి గాక మాఘమాసాంతమునకే ఒక వారము ఊరికి రండని వారికి కబురు పంపవలెను. రానుపోను చార్జీలను జిల్లాపరిషత్తు భరించిన తప్పులేదు. పునర్విభజన సంఘమువారు అభిప్రాయములు వినుటకు వచ్చినపుడు ఆ పట్టికలను, పక్కనే శ్రీబాగు ఒడంబడిక ప్రతిని, బల్లమీద పెట్టవలసినవారు ఈ జిల్లా సభ్యులు పదునలుగురును, కక్షలు వాకిట విడిచి.