చూసేవాళ్లకు టికెట్టు, బతికేవాళ్లకు కేసు

మొన్న మా బడి పిల్లల్ని తలకోనకు పిల్చుకుపోయినాం. గేటు దగ్గర అందరికీ టికెట్లు తీసుకున్నాం. 270 అడుగుల ఎత్తు నుంచి పడే నీళ్లు చూసి పిల్లలు కేరింతలు కొట్టినారు. తిరిగి వచ్చేటప్పుడు ఏడో తరగతి పిల్ల ఒకతి అడిగింది: "సార్, మా అమ్మకు కూడా ఈ టికెట్టు కొనిస్తే కట్టెలకు పోనిస్తారా?"

ఆ పిల్ల తల్లి దళితవాడ మనిషి. పోయిన ఎండాకాలం కొండ నుంచి మోపు ఎత్తుకుని వస్తుంటే దారిలో ఆపి కొడవలి గుంజుకున్నారు. కేసు పెడతామని బెదిరించి, రశీదు లేకుండా డబ్బులు తీసుకుని వదిలిపెట్టినారు. ఆ పిల్లకు ఆ రోజు నేను సరిగా జవాబు చెప్పలేకపోయినాను. ఇప్పుడు చెబుతున్నాను.

లేదు తల్లీ, పోనివ్వరు. టికెట్టు చూడటానికే. పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రావాలి, పుల్ల కూడా తేకూడదు. టికెట్టు కాక పర్మిట్టు అనేది ఇంకొకటి ఉంది. తలకోన ఉండేది 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కులో. పలమనేరు, కుప్పం వైపు ఉండే కౌండిన్య అభయారణ్యం 1990లో వచ్చింది. ఇలాంటి చోట్లకు ఎవరిని పోనివ్వాలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చెబుతుంది. జంతువుల మీద చదువుకు, పరిశోధనకు, ఫొటోలకు, టూరిజానికి పర్మిట్టు ఇవ్వొచ్చని 28వ సెక్షన్‌లో రాసుంది. కట్టెల మోపు, తేనె పట్టు, మేకల మంద అనే మాటలు అందులో లేవు. కెమెరా పట్టుకున్నవాడు అతిథి, కొడవలి పట్టుకున్న ఆడమనిషి దొంగ!

ఇది ఈనాటి సంగతి కాదు. మన ప్రాంతం మద్రాసు రాజధానిలో ఉన్నప్పుడు 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవిలో పసులు మేపితే పుల్లరి కట్టమన్నారు. పల్నాడులో ఆ పుల్లరికి ఎదురు తిరిగిన కన్నెగంటి హనుమంతును 1922లో కాల్చి చంపినారు. తెల్లదొర పోయినాడు. 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వచ్చింది. అయినా మోపు దించి చేతులు కట్టుకుని నిలబడే మనిషి మాత్రం మారలేదు.

మన సంఘాల్లోనే కొందరు అంటున్నారు, "డిపార్టుమెంటును అడిగి మన ఆడవాళ్లకు ఉచిత పాసులు ఇప్పిస్తే సరిపోతుంది కదా?" అని. వాళ్ల మంచితనాన్ని మేం తప్పుపట్టం. కానీ ఆ దారికి ఒప్పుకోం. పాసు ఇచ్చిన చెయ్యే రేపు దాన్ని గుంజుకుంటుంది. 1992 నుంచి వన సంరక్షణ సమితులు చూసినాం. వాటిలో మనకు దక్కింది శాఖ ఇచ్చిన అవకాశమే గానీ హక్కు కాదు. దయను ఎన్నాళ్లని నమ్ముకుంటాం?

మనం అడగాల్సింది 2006 అటవీ హక్కుల చట్టం కింద హక్కు పత్రం. ఆ చట్టం అభయారణ్యాలకు, జాతీయ పార్కులకు కూడా వర్తిస్తుంది. తేనె, వెదురు, దుంపలు, మందు మొక్కలు, పొదల కట్టె వంటివి ముందు నుంచీ ఏరుకుంటున్నవాళ్లు వాటిని తెచ్చుకోవచ్చు, వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు. పసులు మేపుకునే హక్కూ ఉంది. 2012లో సవరించిన నియమాలు ఇంకో మంచి మాట చెప్పినాయి. ఇట్లా ఏరుకున్నదానికి ఏ రుసుమూ కట్టనక్కర్లేదు. దాన్ని బయటికి తోలుకుపోవడానికి పర్మిట్టు రాసిచ్చేది గ్రామసభ వేసుకున్న కమిటీ. అంటే పర్మిట్టు పుస్తకం మన చేతికే వస్తుంది!

ఇక్కడ మనకొక చిక్కు ఉంది. యానాది సోదరులు ఎస్టీలు. వాళ్లు 2005 డిసెంబరు 13 నాటికి అడవి మీద బతుకుతున్నట్టు చూపితే చాలు. మాల మాదిగలు 'ఇతర సంప్రదాయ అటవీ నివాసులు' కింద వస్తారు. వాళ్లు ఆ తేదీకి ముందు మూడు తరాలు, అంటే 75 ఏండ్లు చూపాలి. కాగితం ఎక్కడుంది అని భయపడొద్దు. దరఖాస్తుదారులు కాని పెద్దవాళ్లు చెప్పింది రాసుకున్నా సాక్ష్యమే. పాత బావి, సమాధులు, దేవర రాయి కూడా సాక్ష్యమే. అయితే ఒక్కటి చాలదు, ఒకటికి మించి చూపాలి. ఫలానా కాగితమే తెమ్మని పట్టుబట్టే అధికారం పై కమిటీలకు లేదు.

పని ఇట్లా మొదలుపెట్టండి. గ్రామసభ పిలిపించండి. ఊళ్లో పెద్దమనుషులు నలుగురు రాసుకుపోతే అది సభ కాదు. సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. 10 నుంచి 15 మందితో అటవీ హక్కుల కమిటీ వేసుకోవాలి. ఎస్టీలున్న ఊళ్లో అందులో మూడింట రెండు వంతులు వాళ్లే ఉండాలి. దళితవాడ, యానాది కాలనీ ఒక్క మాట మీద పోవాలి. విడివిడిగా పోతే ఊరి రెడ్లు, నాయుళ్లు మనల్ని ఒకరి మీద ఒకరిని ఉసిగొల్పుతారు. సాముదాయక హక్కులకు ఫారం 'బి' నింపి రశీదు తీసుకోండి. పత్రం చేతికి వచ్చేదాకా ఎవరూ ఒంటరిగా గార్డుతో గొడవకు దిగొద్దు.

ఒక హెచ్చరిక. ఎర్రచందనం దుంగ ఈ హక్కులోకి రాదు. కూలి ఆశ చూపేవాడి వెంట ఎవరూ పోవద్దు. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసు కాల్పుల్లో చచ్చిపోయింది తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది. వాళ్లు కూలీలు. దుంగలు అమ్మి మేడలు కట్టినవాళ్లు కారు.

తలకోన చూడొద్దని మేం అనం. మన పిల్లలు టికెట్టు కొనుక్కుని తప్పక చూడాలి. కొండా నీళ్లూ చూసి సంతోషపడటం ఉన్నవాళ్ల సొత్తేమీ కాదు. కానీ ఆ పిల్ల చూసి వచ్చిన అడవిలోకే వాళ్లమ్మ తల దించుకుని, దొంగలాగా పోవడమే మనం ఒప్పుకోకూడనిది.

పబ్లిక్ చెరువులు అందరివీ అని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానం చేసింది. మహద్‌లో మాత్రం చవదార్ చెరువు నీళ్లు మనవాళ్ల గొంతులోకి దిగింది 1927లో, బాబాసాహెబ్ వెంట వేలమంది నడిచిపోయినాకే. అటవీ హక్కుల చట్టం కూడా అట్లాగే కాగితం మీద ఉంది. వచ్చే గ్రామసభకు మీ వాడ నుంచి ఎంతమంది నడుస్తారు?

జై భీమ్!