హాస్టల్ గేటు ఎవరి కోసం?

ఇప్పటి కాలేజీ పిల్లలు సుఖం మరిగారు, హాస్టల్లో కూడా ఏసీలు, జిమ్ములు కావాలంటారు అని మా వయసు వాళ్ళు విసుక్కుంటూ ఉంటారు. హైదరాబాద్‌లో చదువుతున్న మా తమ్ముడి కూతుర్నీ, ఆమె గదిలో ఉండే మరో ఇద్దరినీ ఏం కావాలమ్మా అని అడిగాను. సరిగ్గా పడే గడియ, ఎవరి బల్ల వారికి, పొద్దున్నే క్యూ లేని బాత్‌రూమ్, లైబ్రరీ నుంచి తొమ్మిదింటికి వచ్చినా లోపలికి రానివ్వడం. అంతే. ముగ్గురి మాట సర్వే కాదనుకోండి.

హాస్టళ్ళ కరపత్రాలు చూడండి. సీసీ కెమెరాలు, వేలిముద్ర హాజరు, ఎనిమిదిన్నరకు గేటు బంద్. బల్ల ఊసే ఉండదు. ఒక ఓనరు గారైతే బాత్‌రూములు వాస్తు ప్రకారం కట్టించానన్నాడు. నీళ్ళొస్తాయా అంటే, సాయంత్రం వస్తాయట!

రక్షణ శాఖ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. బిల్లు చేతికొస్తే డబ్బు కట్టేదెవరని ముందు చూస్తాను. ఇక్కడ ఉండేది కూతురు, కట్టేది తండ్రి. కాబట్టి సరుకు తండ్రి భయానికి తగ్గట్టు తయారవుతోంది.

ఆ భయాన్ని తప్పు పట్టను. కానీ గేటు త్వరగా మూస్తే పిల్ల క్షేమం అనేదానికి ఋజువేదీ? తాయెత్తుకున్నంతే. బస్సు దొరక్క పది నిమిషాలు ఆలస్యమైన పిల్ల మూసిన గేటు ముందు, చీకట్లో, రోడ్డు మీద నిలబడుతుంది. ప్రమాదం నుంచి కాపాడాల్సిన నియమమే ఆమెను అందులోకి నెడుతోంది. అబ్బాయిల హాస్టళ్ళలో చాలాచోట్ల ఈ పట్టింపే ఉండదు.

భద్రత పేరుతో విద్యార్థినుల స్వేచ్ఛను కుదించవద్దని యూజీసీ వేసిన 'సక్షమ్' నివేదిక 2013లోనే చెప్పింది. కేరళలో కోళికోడ్ మెడికల్ కాలేజీ అమ్మాయిలు రాత్రి 9.30 నిబంధన మీద హైకోర్టుకు వెళ్ళారు. ఆంక్షలు ఆడపిల్లలకేనా అని కోర్టు నిలదీసింది. అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఒకే నియమమని 2022 డిసెంబరులో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. కాబోయే డాక్టర్లు హాస్టల్ గేటు కోసం కోర్టుకెక్కాల్సి వచ్చింది, చూడండి.

అడ్మిషన్ల రోజుల్లో తల్లిదండ్రులు కెమెరాలెన్ని అని అడుగుతారు. ఆలస్యంగా వచ్చిన పిల్లకు గేటు ఎవరు తీస్తారు, వార్డెన్ రాత్రి ఫోనెత్తుతుందా, బస్టాపు నుంచి గేటు దాకా వీధి దీపాలు వెలుగుతాయా అని అడిగినవాళ్ళు నాకింతవరకూ తగల్లేదు.